పిల్లను పై బల్ల ఎక్కించిన ఏడు

మా లైనులో, అంటే కూలీల గదుల వరుసలో, ఒక్కో గదికి మూడు బల్లలుండేవి, ఒకదాని పైన ఒకటి, గోడకు బిగించి. సముద్రాలు దాటి ఓడ దిగి వాయినికోరో చెరకు తోటకు చేరిన మొదటి రోజు వాటిని చూసి గిన్నెలు పెట్టుకునే అరలనుకున్నాను. మా దగ్గరున్నవి రెండే గిన్నెలు, వాటికి ఇంత పెద్ద అరలెందుకు అని మా ఆయనతో అన్నాను కూడా. పక్క గదిలోంచి ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. గదుల మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. పై భాగమంతా ఇనుప వల. ఒక గదిలో తుమ్మితే నాలుగు గదుల అవతల వాళ్ళు చిరంజీవ అనేవాళ్ళు.

"అరలు కాదుమ్మే, మనం పండుకునేది వాటి మీదనే" అంది ఆ గొంతు. "గిన్నెలు కింద పెట్టుకో."

ఆ గొంతు మనిషిని తర్వాత అవ్వ అని పిలవడం అలవాటైంది. నెల్లూరు వైపు మనిషి. ముసలిదేం కాదు, నాకంటే పదిహేనేళ్ళు పెద్దదై ఉంటుంది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి కాబట్టి లైను మొత్తానికి అవ్వ అయిపోయింది. నడుము పట్టేసి పొలం పని చేతకాకపోయేసరికి ఆమెను పిల్లల కొట్టంలో పెట్టారు. తల్లులు చెరకు తోటలో ఉన్నంతసేపూ లైను పిల్లలందరూ ఆమె దగ్గరే ఉండేవాళ్ళు.

ఐదేళ్ళ కూలి ఒప్పందాన్ని మేమందరం గిర్మిట్ అనేవాళ్ళం. నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ గిర్మిట్ ముగిసి, జుట్టు నెరిశాక. కాబట్టి ఇందులో తప్పులుంటే నన్నే అనండి. ఇందులో ఒక మోసం కూడా ఉంది. అది నేను నా కూతురికి చేసింది. ఎవరికీ చెప్పుకోకుండా పోవడం ఇష్టం లేక రాస్తున్నాను.

మేము వచ్చేనాటికి నా కూతురికి ఏడాదిన్నర. కింద బల్ల మీద నేనూ అదీ పడుకునేవాళ్ళం. నడిమి బల్ల మా ఆయనది. పై బల్ల మీద ఎండు కట్టెలు, బియ్యం బస్తా, ఎప్పుడో అక్కరకొస్తాయని దాచిన ఖాళీ డబ్బాలు. ఆ బల్ల మనిషి పడుకోవడానికని మాకు తట్టనే లేదు. విశాఖ వైపు మా ఊళ్ళో నేల మీద చాప వేసుకునేవాళ్ళం, ఎండాకాలం వాకిట్లో నులక మంచం. అంతకంటే ఎత్తున మనిషి పడుకోవడం నేనెరగను.

కింద బల్ల వెడల్పు ఎంతంటే, నేను వెల్లకిలా పడుకుంటే ఒక మోచెయ్యి గోడకు తగిలేది, రెండోది బయటికి వేలాడేది. అందులో పిల్ల. నా పుస్తెల తాడు గుప్పిట్లో పట్టుకోనిదే దానికి నిద్ర పట్టేది కాదు. అది అటు దొర్లితే తాడు నా మెడకు బిగిసేది. గుప్పిట విప్పబోతే ఏడుపు. ఏడిస్తే వల అవతలినుంచి పదిమంది గొణుగుడు. ఇలా రెండేళ్ళు గడిచాయి. తెల్లవారక ముందే మాతో పని చేయించే సర్దారు వచ్చి, లైను మొగదల వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొట్టేవాడు. దాన్ని గంట అనేవాళ్ళం. గంట మోగాక ఇంత వండి, తిని, పారలు పట్టుకుని బయలుదేరాలి. చెరకు సాళ్ళలో కలుపు తీస్తూ నిలబడే కునుకు తీసిన రోజులున్నాయి. పార కాలి మీద పడ్డ రోజులూ ఉన్నాయి. కొన్నిసార్లు పిల్ల మీద కోపం ముంచుకొచ్చేది. అదేం చేసిందని? చేసిందేమీ లేదు. అదే ఇంకా కోపం.

మూడో ఏడు మళ్ళీ కడుపుతో ఉన్నాను. పిల్లకు నాలుగు దాటింది. నిద్రలో దాని కాలు వచ్చి నా పొట్ట మీద పడేది. ఐదో నెల వచ్చేసరికి నేనో, అదో, లోపలి బిడ్డో, ముగ్గురిలో ఎవరో ఒకరు ఆ బల్ల దిగక తప్పదని తేలిపోయింది. ఇక పుట్టాక సంగతి చెప్పనే అక్కర్లేదు. చంటిబిడ్డ మీద ఇది నిద్రలో దొర్లిందంటే అంతే. అటువంటిది పై లైనులో ఒకసారి జరిగింది కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయనతో ఆ మాట తీశాను.

"నేల మీద పడుకోబెడితే?" అన్నాడు.

నేల మీద పొయ్యి ఉంది. వానాకాలం గడప దాటి నీళ్ళొస్తాయి. జెర్రులు తిరుగుతాయి. ఇవన్నీ తనకూ తెలుసు. ఊరికే అన్నాడు.

"పోనీ నువ్వు పైకెల్లు, నడిమి బల్ల దానికియ్యి" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ముందటేడు చెరకు నరుకుతుంటే కత్తి జారి ఆయన మోకాలి మీద పడింది. గాయం మానింది గానీ కాలు పూర్తిగా మడత పడదు. నడిమి బల్ల ఎక్కడానికే పళ్ళు బిగపట్టేవాడు. నేనన్న మాటకు మోకాలు నిమురుకున్నాడు.

"అలాగైతే పై బల్ల ఖాళీ చేద్దాం. గుంట పైన పడుకుంటాది" అన్నాను.

"గుంటని అటకెక్కిచ్చేత్తావేటే?" అన్నాడు. తర్వాత నిజంగానే ఇబ్బందిగా మొహం పెట్టాడు. "దాని కాళ్ళు నా నెత్తి మీదుంటాయి. కన్నోడి నెత్తి మీద ఆడపిల్ల కాళ్ళేటి? మంచిది కాదు."

"నీ తల అటేపు తిప్పీసుకో. మంచి అటేపు కూడా ఉంటాది" అన్నాను.

నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నడుము నొప్పి.

అప్పటికి ఇక మిగిలిన ప్రశ్న ఒకటే, పిల్ల పైన పడుకునేంత పెద్దదైందా లేదా అని. పై బల్ల మా ఆయన నుదురంత ఎత్తున ఉంటుంది. పడితే కింద మట్టినేల, పొయ్యిరాళ్ళు. ఎంత వయసొస్తే పడదు? మా అమ్మకు తెలియదు, మా అమ్మమ్మకూ తెలియదు. వాళ్ళకు ఇటువంటి బల్లలు లేవు. అడుగుదామంటే లైనులో ఉన్నది అవ్వ ఒక్కతే.

అవ్వకు అన్నిటికీ ఒకటే కొలత. వాళ్ళ ఊరి వీధిబడి పంతులు పిల్లల్ని బడిలో చేర్చుకునే ముందు, కుడి చెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమనేవాడట. అందితే బడికి, అందకపోతే ఇంటికి. ఇక్కడ బడి లేదు, పంతులు లేడు. కొలత ఒక్కటే ఆమెతో ఓడెక్కి వచ్చింది. పిల్లల కొట్టం వదిలి బయట తిరగాలన్నా, నీళ్ళ డబ్బా మొయ్యాలన్నా, కత్తి ముట్టుకోవాలన్నా చెవి అందాల్సిందే. మా లైనులో తెలుగువాళ్ళెవరూ ఆ కొలతను కాదనేవాళ్ళు కాదు. హిందీవాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వి తమ పిల్లల్నీ తీసుకొచ్చి నిలబెట్టేవాళ్ళు.

ఆ మరుసటి ఆదివారం పొద్దున ఆడవాళ్ళమంతా అరుగు మీద కూర్చుని తలలు దువ్వుకుంటున్నాం. పిల్లను అవ్వ ముందు నిలబెట్టాను.

"ఏదీ బిడ్డా, చెయ్యి తల మీద నించి పోనీ" అంది అవ్వ.

పిల్ల నాలుక బయటపెట్టి, మునివేళ్ళ మీద లేచి, గింజుకుంది. మునివేళ్ళ మీద లేస్తే చెవి దగ్గరవుతుందా? ఎవరు చెప్పగలరు దానికి. చివరికి మధ్యవేలు చెవికి రెండు వేళ్ళ వెడల్పు ఎడంగా ఆగిపోయింది.

"ఇంకా ఏడాది తల్లి పక్కనే పండుకోనీ. ఏం తొందరొచ్చిందమ్మే నీకు?" అంది అవ్వ.

నా పొట్ట ఏ నెలలో ఉందో చూస్తూనే ఆ మాట అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్లయితే రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. చెరకు తోటకు నేను పోతుంటే, తల మీద చెయ్యి పెట్టుకుని కొట్టం గడపలో నిలబడి ఉండేది. చెవిని బతిమాలుకుంటున్నట్టు ఉండేది దాని వాలకం.

మూడు వారాలాగి మళ్ళీ తీసుకుపోయాను. మూడు వారాల్లో చెయ్యి పెరగదని నాకు తెలుసు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. సర్దారు నా సాళ్ళలో మిగిలిపోయిన కలుపు చూపించి అందరి ముందూ అరిచాడు. కాళ్ళు వాచాయి. అరుగు మీద పిల్లను నా ముందు నిలబెట్టుకుని, అవ్వ చూస్తుండగా, జుట్టు సర్దుతున్నట్టు దాని తల మీద చెయ్యి వేశాను. పిల్ల చెయ్యి పైనుంచి పోనిచ్చింది. నేను దాని తలను మెల్లిగా కుడి భుజం వైపు వంచాను. ఎడమ చెవి పైకి లేచింది. వేళ్ళు చెవిని పట్టుకున్నాయి.

అవ్వ పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ, "అందిందిలే" అంది.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పిల్ల లైను ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుగెత్తి ప్రతి గడప ముందూ ఆగి చూపించింది. చూపించిన ప్రతిసారీ తల కుడివైపు వంచుతోంది. అది కూడా ఆ పరీక్షలో భాగమే అనుకుంది కాబోలు. నేను చూసి లోపలికి వెళ్ళిపోయాను.

తర్వాత మేము చేసిన ఏర్పాట్లలో మాత్రం లోటు లేదు. కట్టెలు దించి వరండా కింద పేర్చాం. బియ్యం బస్తా మా ఆయన బల్ల కాళ్ళ వైపుకు మారింది. గోనెసంచుల్లో ఎండుగడ్డి కూరి పరుపు కుట్టాను. బల్ల అంచున అడ్డంగా వెదురు బొంగు పెట్టాడు మా ఆయన. చెరకు కంపెనీ బల్లలకు మేకులు కొట్టకూడదు, తోట దొర చూస్తే గొడవ. అందుకని తాడుతో బిగించి కట్టి, తన బరువంతా వేసి లాగి చూశాడు. పిల్ల ఎక్కడానికీ దిగడానికీ కాళ్ళ వైపు కొంచెం జాగా వదిలాడు. ఆ జాగా వదలక తప్పదు కదా.

మూడు ఆదివారాలు పగటిపూట ఎక్కడం, దిగడం నేర్పించాం. కింద బల్ల అంచు మీద ఒక కాలు, గుంజ పట్టుకుని నడిమి బల్ల మీద రెండో కాలు, అక్కడినుంచి పొట్ట మీద జారి పైకి. ఇందులో మా ఆయన పట్టింపు ఒకటుండేది. పడుకున్న మనిషిని దాటకూడదు, దాటితే మళ్ళీ వెనక్కు దాటాలి. పిల్ల పొరపాటున ఆయన కాళ్ళు దాటి దిగిందంటే, మళ్ళీ ఎక్కించి, వెనక్కి దాటించి, అప్పుడు దింపేవాడు.

"అయ్యా, నాను దిగిపోయినాను గదా" అనేది పిల్ల.

"నువ్వు దిగినావు, దోసం దిగలేదు" అనేవాడు.

అలా పది సార్లు ఎక్కాల్సిన చోట ఇరవై సార్లు ఎక్కింది. దాంతో కోతిపిల్లలాగా చేతులు కాళ్ళు కుదురుకున్నాయి. నాకు ధైర్యం వచ్చింది. చెవి అందితేనేం, అందకపోతేనేం, ఎక్కడం వచ్చింది కదా అనుకున్నాను.

ఏడో నెలలో పిల్ల పై బల్ల మీదికి మారింది. పుస్తెల తాడుకు బదులు పాత చీర చెంగు ఇచ్చాను. మొదటి పూట వల లోంచి అవ్వ గదిలోకి చూస్తూ, అవ్వ ఏం చేస్తోందో మాకు వినిపించేటట్టు చెప్పింది. "అవ్వ జుట్టిప్పీసింది. అవ్వ కాలు రాసుకుంటంది. అవ్వ నన్ను సూసి నోరు మూసుకోమంటంది." లైనంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే నేను నిద్రపోయాను.

ఆ నిద్రను గురించి ఏం చెప్పను. చెయ్యి చాపితే ఖాళీ బల్ల తగిలేది. ఎడమ పక్కకు తిరిగాను, కుడి పక్కకు తిరిగాను, ఎవరూ ఏడవలేదు. గంట మోగి కళ్ళు తెరిస్తే, పడుకున్నది ఇప్పుడే కదా అనిపించింది. మూడేళ్ళలో మొదటిసారి గంట నన్ను లేపింది. అంతకుముందు నేనే మెలకువగా ఉండి దానికోసం చూసేదాన్ని. పొలంలో పార తేలికైంది. నా సాలు నేను పూర్తి చేసి పక్కామె సాలులో కూడా చెయ్యి వేశాను. మోసం చేశానన్న సంగతి తలపుకొచ్చేది. వచ్చి, నిద్ర ముందు నిలవలేక పోయేది. నేను సంతోషంగానే ఉన్నాను. దాచడమెందుకు.

నెల రోజులు ఏమీ కాలేదు. పిల్ల నిద్రలో ఎంత దొర్లినా వెదురు బొంగు దాటలేదు.

మేము పడుకోవడం గురించే ఆలోచించాం, లేవడం గురించి ఆలోచించలేదు. కింద బల్ల మీద ఉన్నన్నాళ్ళు దానికొక అలవాటుండేది. గంట మోగగానే, కళ్ళు కూడా తెరవకుండా కాళ్ళు కిందికి జార్చి, నేల మీద నిలబడి, తిన్నగా తలుపు దగ్గరికి నడిచిపోయేది. పైకి వెళ్ళాక నెల రోజులు గంట మోగీమోగగానే నేనో వాళ్ళయ్యో దానికంటే ముందు లేచి పిలిచి దింపుతున్నాం. అలా పిలుస్తున్నామన్న సంగతి మాకే తెలియదు, అలవాటుగా జరిగిపోయింది. ఆ రోజు ముందు పగలంతా వానలో పని. ఇద్దరికీ ఒళ్ళు తెలియలేదు. గంట మోగింది. మేమింకా లేవలేదు. పిల్ల లేచి, కాళ్ళ వైపు మేము వదిలిన జాగాలోంచి, ఎప్పటిలా నేల మీదికి అడుగేసింది.

నాకు వినిపించింది ముందు నడిమి బల్లకు ఏదో తగిలిన చప్పుడు. తర్వాత నేల చప్పుడు. పొయ్యి ఇంకా వెలిగించలేదు, అదొక్కటే మేలు.

అప్పుడు నేను చేసిన పని రాయాలి. లేచి, పిల్లను రెక్క పట్టుకుని లేవదీసి, వీపు మీద ఒక్కటేశాను. "కళ్ళు నెత్తి మీదున్నాయేటే నీకు?" అని అరిచాను. భయంతో అరిచాను, కానీ అరిచింది మాత్రం దాని మీదే. అది ఏడవలేదు. నేను పట్టుకున్న రెక్కకేసి చూసుకుంది. ఎడమ చెయ్యి, మోచేతికి కింద, వంగకూడని చోట వంగి ఉంది.

తలుపు బయట సర్దారు. "చలో, చలో" అంటున్నాడు. మా ఆయన పిల్లను చూపించాడు. వాడు దీపం ఎత్తి దాని చెయ్యి చూశాడు. పిల్లలు తనకూ ఉన్నారు. తర్వాత, "మిమ్మల్ని ఇద్దర్నీ ఆపితే దొర నన్ను ఆపుతాడు. ముసలామె దగ్గర పెట్టి రండి" అన్నాడు హిందీలో. అవ్వ అప్పటికే మా గడపలో నిలబడి ఉంది.

"నువ్వు పోమ్మే. నేను చూస్తా" అంది.

పోయాను. ఎనిమిదో నెల పొట్ట, చేతిలో పార. సాయంత్రం దాకా ఒక్క సాలు కూడా పూర్తి కాలేదు. సర్దారు నా సాలు చూసి ముందుకెళ్ళిపోయాడు. ఏదైనా అంటే బావుండునని చూశాను.

తిరిగొచ్చేసరికి అవ్వ పిల్ల చేతికి కట్టు కట్టేసింది. వాళ్ళ వైపు ఎముకలకు కట్టు కట్టేవాళ్ళుంటారట, చిన్నప్పటినుంచి చూసిందట. ఎముక సరిచేసి, కోడిగుడ్డు సొన పూసిన గుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు పెట్టి బిగించింది. ఆసుపత్రికి పంపాలా వద్దా అని దొర అడిగితే, చెయ్యి తీసేస్తారేమోనని భయపడి మేమే వద్దన్నాం. అది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. చెయ్యి అతుక్కుంది. కొంచెం వంకరగా అతుక్కుంది.

నాలుగో రోజో ఐదో రోజో, కట్టు విప్పి మళ్ళీ కడుతున్న అవ్వ పక్కన కూర్చున్నాను. పిల్ల నిద్రపోతోంది. లోపల దాచుకోలేకపోయాను.

"అవ్వా, ఆ రోజు దాని సెవి అందలేదు. నానే తల వంచీసినాను."

"చూసినాలేమ్మే" అంది అవ్వ, బద్దల మీద గుడ్డ చుడుతూనే.

"సూసి ఎందుకూరుకున్నావు?"

"నీ మొహం చూసినా. నలుగురిని కన్నదాన్ని. నిద్రలేని ఆడదాని మొహం ఎట్టా ఉంటదో నాకు తెలియదా? ఇంకా ఏడాది ఆగమంటే నువ్వే పడిపోతావనిపించింది. బిడ్డ పడకపోవచ్చులే అనుకున్నా." ముడి బిగించి, పళ్ళతో గుడ్డ కొస తెంపింది. "ఇద్దరం తప్పు లెక్కే వేసినాం."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. తిట్టాల్సిన మనిషి నాతో పాటు వచ్చి తప్పులో సగం పంచుకుంటే, ఆ సగం తగ్గదు. ఎంత జాలిపడిందో నాకు అంత బరువెక్కింది. ఆమె తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడవకుండానే లేచి అన్నం వండాను.

పిల్లను మళ్ళీ నా పక్కన కింద బల్ల మీదే పడుకోబెట్టాను. పై బల్ల మీద పరుపు అలాగే ఉంది. వెదురు బొంగు విప్పుతానని మా ఆయన రెండుసార్లు లేచాడు, విప్పకుండా కూర్చున్నాడు.

నెల తిరక్కుండానే బిడ్డ పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే. అవ్వే పురుడు పోసింది. ఇక ఆ బల్ల మీద గోడ వైపు చంటిది, మధ్యలో నేను, అంచున కట్టుతో పెద్దది. వెదురు బద్దల చెయ్యి నా వీపులో గుచ్చుకునేది. అటు తిరిగితే చంటిదాని మీద పడతానని భయం, ఇటు తిరిగితే పెద్దదాన్ని తోసేస్తానని భయం. కాబట్టి తిరగకుండా పడుకునేదాన్ని. పడుకునేదాన్ని అంతే, నిద్ర కాదు. పదిరోజులలా గడిచేసరికి పాలు తగ్గాయి. చంటిది చీకి చీకి పాలు రాక గుక్కపట్టి ఏడ్చేది. ఇంకో నాలుగు రోజుల్లో పొలానికి వెళ్ళాలి.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, ముగ్గురం అలా ఇరుక్కుని ఉన్నాం. మా ఆయన నీళ్ళకు వెళ్ళాడు. పెద్దది పక్కకు జరగబోయి, కట్టు చేతిని ఎత్తింది. అది వచ్చి చంటిదాని నుదుటికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. చంటిది ఏడ్చింది.  నిజం చెప్పాలంటే కోప్పడడానికి కూడా నాకు ఓపిక లేదు. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

పిల్ల లేచి కూర్చుని నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బల్ల దిగింది.

"అమ్మా, నాను పైకెల్పోతాను."

"కట్టు విప్పనీయే."

"ఒక సెయ్యి సాలు."

"వద్దు" అన్నాను. అన్నాను గానీ లేవలేదు. ఒక చేతి మీద చంటిది, ఇంకో చెయ్యి నడుము కింద. లేవాలంటే లేవొచ్చు. దాని పాదం కింద బల్ల అంచు మీద, నా మోకాలి పక్కనే ఉంది. చెయ్యి చాపి పట్టుకోవచ్చు.

అది గుంజను కుడి చేత్తో పట్టుకుని, కట్టు చెయ్యి కడుపుకు ఆనించుకుని, ఆగి నా వైపు తిరిగింది.

"నువ్వు కల్లు మూసుకో. సూత్తే నీకు బయమేత్తాది."

మూసుకున్నాను. నాలుగేళ్ళ పిల్ల నా భయం సంగతి చూసుకుంటుంటే, నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను. నడిమి బల్ల కిర్రుమంది. ఊపిరి బిగపట్టిన చప్పుడు. గోనెసంచి గడ్డి నలిగిన చప్పుడు. 

"ఎక్కీసినాను" అంది పైనుంచి.

ఊఁ అన్నాను. 

"అమ్మా, గంట కొట్టే ముందే నాకు సెప్పు, పైనున్నావని. నాకు మర్సిపోతాది. కొట్టీసినాక సెప్తే నాను దిగిపోతాను."

"సెప్తాను."

"రోజూ సెప్పాల."

"రోజూ సెప్తాను."

చంటిదాన్ని పక్కన సర్దుకున్నాను. జాగా సరిపోయింది. దానికి బుద్ధి రాలేదు, చెయ్యి పెరగలేదు, ధైర్యం వచ్చిందని కూడా నేననుకోను. కింద నాకు చోటు లేదని తెలిసింది, అంతే. పై బల్లకు సరిపడా పెద్దదవడమంటే అదే అయితే, ఆ పెద్దరికం దానికి నేనే ఇచ్చాను.

గంట కొట్టే ముందు చెప్పాలంటే గంట కంటే ముందు లేవాలి. మర్నాటినుంచి గిర్మిట్ అయిపోయేదాకా, ఒంట్లో జ్వరం ఉన్నా, చెరకు నరికే కాలమైనా, సర్దారు ఆ ఇనుప ముక్క దగ్గరికి రాకముందే నాకు మెలకువ వచ్చేది. చీకట్లో వింటూ పడుకునేదాన్ని. వాడి చెప్పుల చప్పుడు వినిపించగానే, "పైనున్నావు" అనేదాన్ని. పైనుంచి నిద్రలోనే "ఊఁ" అనేది. నిద్ర కోసం పిల్లను పైకి ఎక్కించినదాన్ని, ఆ తర్వాత గంట మోగేదాకా నిద్రపోయిన రోజు ఒక్కటీ లేదు.